కుర్మయ్యకు ఇంకా తేలలేదు

శంషాబాద్ బజారులో పిండి గిర్ని నడిపే కుర్మయ్య తన జన్మలో ఏ నమ్మకాన్నీ అబద్ధం అనలేదు. నిజమనీ అనలేదు. ఎవరేం చెప్పినా చివరిదాకా విని, మొహానికంటిన పిండిని తువ్వాలుతో తుడుచుకుని, "చూద్దాం" అనేవాడు. మనం అనే చూద్దాం వేరు, అందులో చూసేదేమీ ఉండదు, మాట దాటెయ్యడానికి అంటాం. కుర్మయ్య నిజంగానే చూసేవాడు. ఇల్లు గుల్లయినా, భార్య సత్తెమ్మ పుట్టింటికి పోతానని సంచి సర్దుకున్నా, సంగతి తేలేదాకా వదిలేవాడు కాదు.

సత్తెమ్మది పూర్తిగా వేరే దారి. ఆమె అన్నీ నమ్మేది. తుమ్మితే ఆగేది, బల్లి పలికితే లేచేది, కుడికన్ను అదిరితే దిగులుపడి, ఎడమకన్ను అదిరితే ఆ దిగులు మరిచిపోయేది. ఇంత నమ్మకస్తురాలికీ ఆ పరీక్షల మనిషికీ జాతకాలు బ్రహ్మాండంగా కలిశాయని పెళ్లినాడు అయ్యగారు చెప్పాడట. ఆ మాట ఎవరైనా ఎత్తితే కుర్మయ్య సాలోచనగా తల ఊపేవాడు.

"అది గూడ చూస్తున్న. ఇంక తేలలే."

విమానాశ్రయం మొదలైన కొత్తలో, విమానం నెత్తిమీంచి పోతే కోళ్లు గుడ్లు పెట్టవని పాల్మాకుల వైపు నుంచి ఒక మాట బయల్దేరింది. సత్తెమ్మ వెంటనే నమ్మి ఏడుపు మొహం పెట్టింది. కుర్మయ్య మాత్రం కోళ్లను రెండు జట్లు చేశాడు. ఒక జట్టును మోత తక్కువని మహేశ్వరంలో ఉన్న బావమరిది ఇంటికి పంపాడు. రెండో జట్టును ఇంట్లో పెట్టుకుని, విమానం పోయినప్పుడల్లా పరుగున వెళ్లి ఒక్కో కోడినీ ఎత్తి కింద చూసేవాడు. పొద్దస్తమానం మనిషి వచ్చి ఎత్తి చూస్తుంటే ఏ కోడికి మాత్రం మనసొప్పుతుంది? అవి గుడ్లు మానేశాయి. మహేశ్వరం కోళ్లు అసలు మొదలే పెట్టలేదు. బావమరిది వాటిని కూర వండుకున్నాడు.

"ఇగ తేలిందా కుర్మన్నా?" అని గిర్ని ఎదురుగా చాయ్ హోటల్ నడిపే మక్సూద్ అడిగాడు.

"విమానం సంగతి తేలలే భాయ్. బామ్మర్ది సంగతి తేలింది."

పిల్లి ఎదురైతే పని చెడుతుందన్న మాటను పరీక్షించడానికి ఆయన పడిన పాట్లు ఇంకా ఘోరం. పిల్లి మనకు కావలసినప్పుడు ఎదురురాదు. అందుకని రోజూ పొద్దున గడప అవతల ఎండుచేప వేసి, పిల్లి అడ్డం పోగానే చెప్పులు తొడుక్కుని బయల్దేరేవాడు. కొన్నాళ్లకు ఆ పిల్లి అడ్డం పోవడం కూడా మానేసి ఇంట్లోనే మకాం పెట్టింది. కుర్మయ్య నిజాయితీగా ఫలితం ప్రకటించాడు. పిల్లి ఎదురైతే నష్టం నిజమేననీ, అయితే ఆ నష్టం ఎండుచేపల వరకేననీ.

అన్నిటికీ అడ్డం తిరిగే మనిషి అనుకునేరు. చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కితే వాన పడుతుందని మక్సూద్ చెప్పినప్పుడు, పట్నంలో చదువుకొస్తున్న కుర్రకారు పడీపడీ నవ్వారు. కుర్మయ్య నవ్వలేదు. వానాకాలమంతా గోడ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. వానలు వెనకబట్టాక హోటల్లోకి వెళ్లి, అందరి ముందూ నిలబడి, "మక్సూద్ భాయ్ మాటల దమ్మున్నది. ఊకె చెప్పలే," అని ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి చీమలు గోడెక్కితే చాలు, మబ్బు లేకపోయినా గిర్ని ముందు ఆరబోసిన జొన్నలు లోపలికి తోయించేవాడు.

ఆయన దెబ్బకు అందరికంటే ఎక్కువ నలిగినవాడు జగదీశ్. ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు. వాస్తు కోసం ఇంట్లో పెట్టుకునే రాగి పిరమిడ్లు కూడా అమ్మేవాడు. పిరమిడ్ కింద పెట్టిన వస్తువు కుళ్లదని చెప్పి ఒకటి తెచ్చిచ్చాడు. కుర్మయ్య ఒక టమాటను దాని కింద, ఒక టమాటను పక్కన పెట్టాడు. రెండూ అన్నదమ్ముల్లా కలిసి కుళ్లాయి.

జగదీశ్ చిన్నబుచ్చుకున్నాడు. "నీ మైండ్ క్లోజ్ అయిందన్నా. గిసొంటివాటికి ఓపెన్ మైండ్ ఉండాలె."

"క్లోజ్ అయితే నిన్ను గడప కాడ్నే ఆపుతుంటి గదరా. నా టమాటలు నాశినం చేసుకునుడెందుకు? సరే, ఒక్క ముచ్చట చెప్పు. ఆ టమాట కుళ్లకపోతే నేను ఒప్పుకుంటుంటి. కుళ్లింది గదా, నువ్వు ఒప్పుకుంటవా?"

"పిరమిడ్ తప్పేం లేదన్నా. నీ టమాటనే మంచిది గాదు."

"మరి క్లోజ్ అయింది ఎవల్ది?"

జగదీశ్ పిరమిడ్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. చిత్రమేమిటంటే కుర్మయ్యకు అతనంటే కోపం లేదు. వారం తిరక్కుండా మళ్లీ పిలిచి, ఈసారి దోసకాయతో చూద్దాం రమ్మన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, బోణీ పరీక్ష ఒక ఎత్తు. ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో మొదలైందది.

పొద్దున్నే మొదటి బేరం ఎవరి చేతి మీదుగా జరిగితే ఆ రోజంతా గిరాకీ అలాగే నడుస్తుందని బజారులో హిందువులూ ముస్లిములూ అన్న తేడా లేకుండా అందరూ నమ్ముతారు. అలాంటి బజారుకు భాగ్యమ్మ చెయ్యి పెద్ద భయమైపోయింది. ఎప్పుడో ఒకనాడు ఆమె ఒక బట్టల దుకాణంలో పొద్దున్నే లంగా గుడ్డ కొన్నది. మధ్యాహ్నానికి ఆ దుకాణం తగలబడింది. లోపలి వైర్లు ఎలుకలు కొరికి ఉన్నాయని కరెంటు పనివాడు చెప్తూనే ఉన్నాడు, వినేవాడేడీ? అప్పటి నుంచి ఆమె ఏ దుకాణం మెట్టెక్కినా, "ఇంక బోణీ కాలేదమ్మా, జర ఆగి రా" అనేవారు.

పాపం, భాగ్యమ్మ బతుకంతా పొద్దుటి పూటలోనే ఉంది. ఎయిర్‌పోర్టు రోడ్డు మలుపులో బండి పెట్టి జొన్నరొట్టెలు చేసేది. ట్యాక్సీ డ్రైవర్లు తెల్లవారుతూనే తింటారు, పొద్దెక్కితే ఇడ్లీ బండికి పోతారు. జొన్నపిండి ఏ రోజుకారోజు పట్టిస్తేనే రొట్టె సాగుతుంది. నిన్నటి పిండితో కొడితే అంచులు విరుగుతాయి. ఏ గిర్నిలోనూ ఆమె డబ్బా ముందు తీసుకోరు కాబట్టి ఆమె రొట్టెలు రోజూ విరిగేవి. ఆ రెక్కల మీద ఇద్దరు ఆడపిల్లల చదువు నడవాలి.

ఒకనాడు పొద్దున్నే కుర్మయ్య గిర్ని తెరిచేసరికి ఆమె డబ్బా పట్టుకుని గోడవారగా నిలబడి ఉంది.

"ఏందమ్మా, అక్కడ్నే నిలబడ్డవు?"

"ఎవరన్న ఒకరు రానియ్యి అన్నా. నా చెయ్యి మంచిది గాదంటరు. గిట్లయితే బండి తీసేసి కొత్తూరు ఫ్యాక్టరీల ఊడ్సే పనికి పోవుడే ఇగ."

"వాళ్లంటరు సరే, నువ్వేమంటవ్?"

భాగ్యమ్మను ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. "నాకేం తెలుసన్నా," అంది.

"నాకు గూడ తెల్వదు. చూద్దాం."

లోపల ఊడుస్తున్న సత్తెమ్మ చీపురుతో సహా బయటికి వచ్చింది. "ఏం జూస్తవయ్యా? గిర్ని తగలబడేది జూస్తవా?"

"తగలబడితే తగలబడ్డట్టు తెలుస్తది. భాగ్యమ్మా, నువ్వు నాకు జర సాయం చెయ్యాలె. రోజు పొద్దుగాల నీదే బోణీ. నీ చేతిల ఏమున్నదో తేలాలె."

"దాని మీద జాలి పడుతున్నవా?" అంది సత్తెమ్మ, భాగ్యమ్మ పిండి తీసుకుని వెళ్లాక.

"జాలి లేదు గీలి లేదు. పరీక్ష."

పరీక్ష మొదలైన నాడే బెంగళూరు రోడ్డు మీద రాస్తారోకో. బస్సు లేదు, ఆటో లేదు, గిర్నికి ఒక్క మనిషి రాలేదు. మక్సూద్ చాయ్ గ్లాసు తెచ్చిచ్చి చెవిలో చెప్పాడు.

"దేఖో భాయ్, ఒక్క రోజుకే రోడ్డంతా బంద్."

"ఆమె ఒక్క చెయ్యి పెడితే ఇంత పెద్ద రోడ్డు బందైతదంటే, ఇంతమందికి ధర్నాలెందుకు భాయ్? భాగ్యమ్మను ఒక్కదాన్ని పట్టుకపోయి కూసోబెడితే అయిపాయె గదా."

మర్నాడు మోటారు పట్టా తెగింది. సత్తెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇది గూడ జూస్తున్నవా?"

"జూస్తున్న. పోయినేడు బోనాల నాడు గూడ తెగింది గదా. ఆ రోజు బోణీ ఎవల్ది?"

ఆ రోజు బోణీ సత్తెమ్మదే. ఆమె లోపలికి పోయి గిన్నెలు గట్టిగా తోమింది.

అయితే మూడో దెబ్బ ఉత్తుత్తిది కాదు. భాగ్యమ్మ బోణీ సంగతి బజారంతా పాకింది, జనం గోధుమలూ జొన్నలూ పట్టుకుని వేరే గిర్నీలకు పోయారు. పొద్దున్నే వరసగా ఉండే డబ్బాలు మాయమయ్యాయి. సత్తెమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. కుర్మయ్య ఖాళీ గిర్నిలో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు.

"గిరాకీ తగ్గింది నిజమే," అన్నాడు చివరికి. "గని తగ్గిచ్చింది ఆమె చెయ్యా, వీళ్ల భయమా? రెండూ కలిసిపోయినయే. ఎవలకు తెల్వకుంట ఆమెతోని బోణీ చేపిస్తే, అప్పుడు తెలుస్తది."

ఆ రోజు నుంచి భాగ్యమ్మ తెల్లవారకముందే వెనక సందులోంచి వచ్చేది. ముందు షట్టరు తెరవకుండానే ఆమె జొన్నలు పట్టి పంపేవాడు. ఒక వారం ఆమెది ముందు డబ్బా, ఒక వారం సత్తెమ్మది. ఏ వారం గిరాకీ ఎట్లా ఉందో చూసేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని సత్తెమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. రహస్యం అన్నది జన్మలో కడుపులో పెట్టుకోని ఆ ఇల్లాలికి అది నరకమే. బావి దగ్గరికి పోతే మాట బయటికి వస్తుందేమోనని నీళ్లు కూడా ఇంట్లో నల్లా దగ్గరే పట్టుకునేది.

భాగ్యమ్మ రావడం మానేసిందనుకుని జనం మెల్లగా తిరిగొచ్చారు. వచ్చినవాళ్లు మెత్తగా పట్టిన పిండి చూసి నలుగురికి చెప్పారు. దసరా నాటికి గిర్ని ముందు మునుపటి కంటే పెద్ద వరస. ఒక రోజు ఎవరో అడిగారు.

"మస్తు నడుస్తున్నది గదన్నా. బోణీ ఎవల్ది?"

"చెప్పొద్దన్నరు," అన్నాడు కుర్మయ్య. నిజమే, చెప్పొద్దన్నది ఆయనే.

అంతే, బజారుకు చేతినిండా పని దొరికింది. ఆ బంగారు చెయ్యి గుడి అయ్యగారిదన్నారు కొందరు. కాదు, దర్గా దగ్గర ఊదు వేసే పెద్దాయనదన్నారు ఇంకొందరు. రోజూ షట్టరు తెరిచే వేళకు ఎదురుగా నిలబడి పళ్లు తోముకునే మక్సూద్‌కు తన మీదే అనుమానం వచ్చి, పళ్లు తోముకోవడం ఇంకాస్త ముందుగా మొదలుపెట్టాడు.

సత్తెమ్మ కొన్నాళ్లు భర్త మీద అలిగింది కూడా. ఒక వారం సంత రోజున లెక్క చూసుకుని ఆయన నోరు జారాడు. "నీ వారం కన్నా భాగ్యమ్మ వారమే జర మంచిగుందే."

"అంటే నా చెయ్యి మంచిది గాదా?"

"నేనట్లంటలేనే. ఇంక తేలలే."

దీపావళి తర్వాత ఆయన సత్తెమ్మ వారాలు ఆపేశాడు. రోజూ భాగ్యమ్మదే ముందు డబ్బా. తన చెయ్యి చిన్నబోయిందని సత్తెమ్మ రెండు రోజులు కూరలో ఉప్పు వెయ్యలేదు గాని, వారాలు ఎందుకు ఆపాడని అడగాలని తోచలేదు. తేలిందా అని ఆమె ఎప్పుడడిగినా ఆయన ఇంక తేలలే అనే చెప్పేవాడు. రొట్టెలు మాత్రం విరగడం మానేశాయి. మలుపు దగ్గర డ్రైవర్లు తెల్లవారుతూనే భాగ్యమ్మ బండి చుట్టూ మూగేవారు.

ఉగాదికి జగదీశ్ కొత్త వెంచరు తెరవాలి. ప్లాట్లు కదలడం లేదు. గిర్నికి బోణీ చేసే చెయ్యి ఎవరిదో చెప్పమని కుర్మయ్య కాళ్లావేళ్లా పడ్డాడు, ఆ చెయ్యితో మొదటి బుకింగ్ చేయించుకుంటానన్నాడు. కుర్మయ్య చెప్పలేదు. సత్తెమ్మను అడిగితే ఆమె చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. జగదీశ్ ఏజెంటు కదా, ఊరుకుంటాడా? ఒకనాడు తెల్లవారుజామున శాలువా, పూలదండ పట్టుకుని వెనక సందులో కాపు వేశాడు. సాక్ష్యానికి మక్సూద్‌నూ, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లనూ వెంట తెచ్చాడు.

తలుపు తెరుచుకుంది. దండ పట్టుకుని వంగిన జగదీశ్ ముందు, చంకలో పిండిడబ్బాతో భాగ్యమ్మ నిలబడింది.

జగదీశ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఇక్కడితో గిర్ని పోయింది, ఆ డ్రైవర్లూ పోయారు, బండి పోయింది అనుకుంది భాగ్యమ్మ. కుర్మయ్య గుమ్మంలోనే నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు.

"ఇయ్యాల ఒక్క రోజేనా, నిన్న గూడ ఈమెదేనా?" అన్నాడు ఒక డ్రైవరు.

అప్పుడు కట్ట తెగింది, సత్తెమ్మది.

"నిన్న, మొన్న, దీపావళి సంది రోజు ఈమెదే! ఏం జేస్తరు? గిర్ని తగలబడిందా? మీ ఇంట్ల ఎవలన్న సచ్చిన్రా? ఇన్ని నెలల సంది ఈమె చెయ్యి తగిలిన రాయి మీద పట్టిన పిండే తిన్నరు గదా, ఒక్కని కడుపన్న నొచ్చిందా? ఈమె రొట్టె లేకుంటే మీకు బండి స్టార్ట్ గాదు, ఈమె ఎదురైతే మాత్రం బోణీ గాదా?"

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది సత్తెమ్మే. ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం సరే, ఆ మాటలన్నీ తన నోట్లోంచే వచ్చాయంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

ముందుగా మక్సూద్ నవ్వాడు. "యా అల్లా, నేను గా చెయ్యి నాదే అనుకున్న!" డ్రైవర్లూ నవ్వారు. జగదీశ్ నడుం మెల్లగా నిటారుగా అయింది, బుర్ర అంతకంటే వేగంగా తిరిగింది. గబగబా ముందుకొచ్చి దండ భాగ్యమ్మ మెడలో వేశాడు.

"నేను మొదటి సందే అనుకుంటున్నక్కా, నీది మామూలు చెయ్యి గాదని. ఉగాది నాడు కారు పంపిస్త. మా వెంచర్ల మొదటి బోణీ నీదే."

"నా చేతిల ఏం లేదు సారూ," అంది భాగ్యమ్మ, చంకలో డబ్బా సర్దుకుంటూ. "అప్పుడు గూడ ఏం లేకుండె, ఇప్పుడు గూడ ఏం లేదు. జొన్నరొట్టెలు కొట్టుడు వస్తది. ఉగాదికి మీ కాడికి వచ్చెటోళ్లకు రొట్టెలు కావాల్నంటే చెప్పు, చేసుకొస్త. జరగున్రి, పొద్దెక్కుతున్నది."

ఆమె వెనకాలే డ్రైవర్లు బయల్దేరారు. ఇంకా ఏ కిరాయీ దొరకని డ్రైవర్లు, బోణీ కానివాళ్లు, ఆమె పక్కనే నడుచుకుంటూ పోయారు. మక్సూద్ కుర్మయ్య వైపు తిరిగాడు.

"ఇప్పుడన్న చెప్పు కుర్మన్నా. ఇగ తేలింది గదా?"

"ఏడ తేలింది భాయ్?" అన్నాడు కుర్మయ్య గంభీరంగా. "ఇంక శానా రోజులు చూడాలె. ఆమె రోజు రావాలె."

వాళ్లంతా పోయాక సత్తెమ్మ తలుపు దగ్గరగా వేసి ఆయన ఎదుట నిలబడింది. "నా వారాలు ఆపినప్పుడే నాకు అనుమానం రావాలె. ఇద్దరిట్ల ఒకర్ని ఆపేసినంక ఇగ పరీక్ష ఏందయ్యా? నాతోని నిజం చెప్పు. ఎప్పుడు తేలింది?"

కుర్మయ్య అటూ ఇటూ చూశాడు. "దీపావళికే. నీ చెయ్యి ఒకటే, ఆమె చెయ్యి ఒకటే. ఏ చేతిల ఏం లేదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఆమె వస్తదా? తేలినంక నీకు తకలీఫ్ ఎందుకన్నా అని మళ్ల గోడ కాడ నిలబడుతది. ఊకెనే ముందు పట్టిస్త రా అంటే రాదు, దానికి రోషం శానా. పరీక్ష అంటేనే నాకేదో సాయం చేస్తున్నట్టు దర్జాగ వస్తది."

సత్తెమ్మకు కళ్లు చెమ్మగిల్లాయి, అంతలోనే నవ్వూ వచ్చింది. జాలి లేదు గీలి లేదన్న మనిషి ఇతనే కదా అనుకుంది. "ఇట్ల ఎన్నొద్దులు నడిపిస్తవు? ఆమె గూడ ఏదో ఒకనాడు తేలిందా అన్నా అని అడుగుతది."

"అడుగుతది. అప్పుడు నువ్వే ఏదన్న చెప్పు. నాకు అబద్ధమాడుడు రాదు."

"దీపావళి సంది ఏం జేస్తున్నవయ్యా మరి?"

కుర్మయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఎప్పటిలాగే ఉన్న పిండి కాస్తా మొహమంతా పులుముకుంది. ఇంతలో సందులోంచి, దారిలోనే వెనక్కి తిరిగొచ్చిన భాగ్యమ్మ గొంతు వినిపించింది. జగదీశ్ సారు ఉగాదికి రొట్టెలు కావాలన్నాడు, ఆ రోజు రెండు డబ్బాలు తెస్తాను, పరీక్షకేమైనా అడ్డమా అన్నా అని అడుగుతోంది. ఆయన ఉలిక్కిపడి, మొహం గంభీరంగా పెట్టుకుని, "ఒక డబ్బాకు రెండు డబ్బాలంటే లెక్క జర మారుతది, అయినా పర్వా లేదు, తీస్కరా," అన్నాడు. అబద్ధం ఆడటం ఇంకా సరిగ్గా చేతగాని ఆ మొహాన్ని చూసి, సత్తెమ్మ నవ్వాపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుని, ఆయనకు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.